కోటలో మగ్గం గుంత

ఆదోని కోట చూశావా అని ఎవరైనా అడిగితే చూశానంటాను. ఎలా ఉంటుందని అడిగితే మాత్రం చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. రాళ్ళు, ముళ్ళు, మళ్ళీ రాళ్ళు. దూరపు కొండలు నునుపు అన్న పెద్దవాళ్ళెవరో ఆ కొండ ఎక్కి దిగినవాళ్ళే అయి ఉంటారు.

అప్పటికి నేను కాపురానికి వచ్చి కొన్నేళ్ళయింది. ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. ఒకే గదిలో రెండు మగ్గాలు, ఒకటి మామది, ఒకటి నా భర్తది. అత్త నేను రాకముందే పోయింది కాబట్టి రెండు మగ్గాలకూ అడ్డనూలు కండెలు చుట్టే పని నాదే. తెల్లవారకముందే లేచి వీధిలో పడుగు దారాలు సాగదీసి గంజి పట్టించాలి. ఆ తర్వాత వంట. ఆ తర్వాత దీపం పెట్టేదాకా రాట్నం ముందు కూర్చోవాలి. నడుస్తున్న మగ్గం చప్పుడు నా చెవికెక్కేది కాదు గానీ, ఆగిందంటే మాత్రం పొయ్యి దగ్గరున్నా గతుక్కుమనేదాన్ని. ఆగిందంటే కండె అయిపోయిందని అర్థం. అంటే నాదే ఆలస్యం.

మామది మాట తక్కువ. పొద్దున్నే మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే తిండికి లేచేవాడు, చీకటి పడ్డాక లేచేవాడు. లేచిన ప్రతిసారీ కాళ్ళు మాట వినేదాకా గోడ పట్టుకుని కాసేపు నిలబడేవాడు. నొప్పి అని ఎన్నడూ అనలేదు. ఆయన అనడు గనక మేమూ అడగలేదు.

ఆదోనిలో పత్తి మిల్లులో మా అన్న పనిచేసేవాడు. ఆ ఏడు వినాయక చవితికి వచ్చినప్పుడు, పత్తి సీజను మొదలవబోతోంది, మీరిద్దరూ వస్తానంటే మేస్త్రీతో మాట్లాడతాను, అయితే దసరాలోపు మాట చెప్పాలి అన్నాడు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. మిల్లులో సుఖముంటుందని నేను అనుకోలేదు. దూది దుమ్ముకు దగ్గు వస్తుందని మా అన్నే చెప్పాడు. కానీ అక్కడ గంట కొడితే పని అయిపోతుంది. మా ఇంట్లో పని అయిపోవడమనేది నేను చూడలేదు.

నా భర్త గోడ మీద పిల్లి. నాతో ఉన్నప్పుడు పోదామనేవాడు. వాళ్ళ నాయన ముందు కూర్చుంటే నాయన ఎట్లంటే అట్ల అనేవాడు. మామ సరేనంటే తప్ప ఇల్లు కదలదని నాకు తెలుసు. మామ ఎందుకు సరేనంటాడు? నేను పోతే ఆయనకు కండెలు చుట్టే దిక్కు లేదు. పక్కింట్లో ఉండే ఆయన తమ్ముడి కుటుంబం కాస్త చూసుకుంటారులే అని మేమిద్దరం గుసగుసలుగా అనుకునేవాళ్ళం. ఆయన మగ్గం వదిలి వస్తాడన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. వాళ్ళ నాయన, తాత, ముత్తాత అందరూ మగ్గం మీదే పోయిన వంశం అది.

చివరికి నేనే తెగించి అన్నం వడ్డిస్తూ అడిగాను. ఆయన తిండి ముగించి, చెయ్యి కడుక్కుని, పెద్దల అమావాస్యనాడు ఆదోని కోటకు పోదాం, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాడు. మా వాళ్ళు ఒకప్పుడు కోటలోనే నేసేవాళ్ళట. కోటవాళ్ళకు తలపాగాలు నేసి ఇచ్చేవాళ్ళట. కోట పాడుబడ్డాక దిగి వచ్చి ఎమ్మిగనూరు చేరారట. వాళ్ళ మగ్గం గుంత ఇంకా పైన ఉందనీ, చిన్నప్పుడు వాళ్ళ నాయన తీసుకుపోయి చూపించాడనీ చెప్పాడు. నాకు సంగతి అర్థమైంది. అక్కడికి తీసుకుపోయి, ఆ గుంత చూపించి, ఇదీ మన పుట్టుక, దీన్ని వదిలి ఎట్లా పోతారు అని నిలదీస్తాడు. మా ఆయన అక్కడే కరిగిపోతాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎలా? సరేనన్నాను.

అమావాస్యనాడు మేము మగ్గం తొక్కం. పెద్దలకు పెట్టుకోవడానికి జొన్నరొట్టెలు, పప్పు, కాస్త బెల్లమన్నం మూట కట్టుకుని మొదటి బస్సెక్కాం. ఆదోనిలో దిగి బజారు దాటి కొండ దగ్గరికి చేరేసరికే ఎండ ముదిరింది. కొండ మొదట్లో ఒక ఫారెస్టు గార్డు కూర్చుని ఉన్నాడు. ఇది రిజర్వు అడవి, ఎండుపుల్ల కూడా ముట్టుకోకూడదని మమ్మల్ని గట్టిగా హెచ్చరించాడు. మా కాళ్ళు మేము మోసుకుపోవడమే గగనంగా ఉంటే కట్టెలెవరు మోస్తారని నా భర్తతో గొణిగాను.

మెట్లు కొంత దూరమే. ఆపైన అరిగిన బండలు, వాటి మధ్య ముళ్ళకంప. పగిలిన దర్వాజా ఒకటి దాటితే పైన మరొకటి కనిపించేది. మామ నాలుగడుగులు వేసి ఆగేవాడు. కాళ్ళు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. తిరిగి పోదామని నా భర్త అన్నాడు. మామ ఇంకో బండ మీదికి కాలెత్తాడు. నేనూ ఆపలేదు. ఆయన ఎక్కలేకపోయాడంటే మాట తేలదు, దసరా దాటిపోతుంది. అందుకని నీళ్ళ చెంబు అందిస్తూ, ఒక చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని ఎక్కించాను. నాలో దయ ఎంతో, స్వార్థం ఎంతో నేను తూకం వేసి చూడలేదు. అలసిపోయి ఉన్నాను, అంతే.

పైన ఇళ్ళేమీ లేవు. కప్పు లేని గోడలు, నడుమెత్తున మిగిలినవి కొన్ని, మోకాలెత్తున మిగిలినవి కొన్ని. పాచి పట్టిన కోనేరు ఒకటి. దాని పక్కన ఉన్నట్టు గుర్తు అంటూ మామ ఒక గోడ నుంచి ఇంకో గోడకు తిరిగాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆయన తిరుగుతుంటే నేను ఒక బండ మీద కూలబడ్డాను. ఇంక ఈ జన్మకు లేవకపోయినా పర్లేదనిపించింది.

కాసేపటికి నా భర్త కేకేశాడు. నాలుగు గోడల మధ్య తంగేడు పొద ఒకటి పెరిగి ఉంది. కట్టెతో దాన్ని వంచి చూస్తే కింద గుంత. చుట్టూ బండలు పేర్చి కట్టిన చదరపు గుంత, సగం మట్టితో పూడి ఉంది. ఒక పక్క అంచు బండ నున్నగా అరిగి, మధ్యలో కొంచెం దిగి ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి కూర్చున్న చోటు అది. గోడ పడిపోతే రాళ్ళు మోసుకుపోతారు, దూలాలు పొయ్యిలోకి పోతాయి. గుంతనెవరు మోసుకుపోతారు? అదొక్కటే మిగిలింది.

మామ అంచు మీద ఆకు పరిచి, తెచ్చినవి పెట్టి దండం పెట్టుకున్నాడు. మేమూ పెట్టుకున్నాం. తలా ఒక రొట్టె తిన్నాం. అప్పుడాయన మెల్లగా వెళ్ళి, ఆ అరిగిన బండ మీద కూర్చుని, గుంతలోకి కాళ్ళు జార్చాడు. చేతులు వాటంతట అవే ముందుకు వచ్చాయి, ఎదురుగా మగ్గం ఉన్నట్టే. ఇక మొదలుపెడతాడని నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. నేను నిలబడిన చోటి నుంచి ఊరంతా కనిపిస్తోంది. మిల్లుల పొగగొట్టాలు, గుంతకల్లు వైపు పోయే రైలు, నల్లరేగడి చేలు, ఆ చేల మధ్య ఎమ్మిగనూరు దారి.

"ఈడ కూసుంటే ఏమీ కనపడదు" అన్నాడు మామ. "ఇంత ఎత్తులో ఉండి గూడా, పాపం, ఈడ నేసిన ఆయప్ప ఈ గోడ తప్ప ఏమీ సూసి ఉండడు."

నా భర్త, "పోవద్దంటావా నాయనా?" అని అడిగాడు.

మామ రెండు చేతులూ పైకి చాపాడు, కొడుకు వైపు కాదు, నా వైపు. లేపమ్మా అన్నాడు. నేను వంగి లేపాను. కాళ్ళు నిలవక నా భుజం మీద బరువంతా వేశాడు. అలాగే నిలబడి, గోడ మీదుగా కిందికి చూశాడు. ఆ పొగగొట్టాల్లో మీ అన్న మిల్లు ఏదని అడిగాడు. చెయ్యి చాపి చూపించాను.

"ఆడ నిలబడి సేసే పని ఉంటాదా అమ్మా?"

నాకు మొదట అర్థం కాలేదు. నా భర్తకు అర్థమైంది. "నువ్వు మగ్గం ఇడిసిపెడతావా నాయనా?" అన్నాడు, నమ్మలేక.

"మా నాయన ఈడికి తోడుకొచ్చి, ఇంగ గుంతలో కూసో అన్నాడు. కూసుంటి. మల్ల నన్నెవురూ అడగల్యా గదప్పా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితోనా, మా మీద కోపంతోనా అంటే చెప్పలేను. ఇన్నేళ్ళూ ఆయన చేతికి కండెలు అందించాను, ఆయన కూడా నాలాగే విసిగి ఉంటాడని ఒక్కనాడూ తట్టలేదు. ముసలివాళ్ళను మిల్లులోకి తీసుకోరని నాకు తెలుసు. అయినా ఉంటుందిలే మామా, అడుగుదాం అన్నాను. ఎక్కేటప్పటి కంటే దిగడానికే ఎక్కువ పొద్దు పట్టింది.

దసరా కాగానే మగ్గాలు విప్పి పక్కింటి చిన్నమామ వాళ్ళకు ఇచ్చేశాం. గుంతలు పూడ్చడం ఇంటికి మంచిది కాదని వీధిలో వాళ్ళన్నారు. మామ వినలేదు. తట్టతో మట్టి మోసుకొచ్చి తన గుంత తనే పూడ్చి, పైన పేడతో అలికాడు.

ఆదోని చేరాక మిల్లులో ఆయనకు మాత్రం పని ఇవ్వలేదు. గేటు దగ్గరే మేస్త్రీ ఒకసారి కాళ్ళ వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన బాధపడినట్టు కనిపించలేదు. మేమిద్దరం సాయంత్రం గంట కొట్టాక ఒళ్ళంతా దూదితో, అడుగులో అడుగేసుకుంటూ వచ్చేసరికి, మా అద్దె ఇంటి ముందు వీధిలో నిలబడి ఉండేవాడు. వచ్చే పోయే బండ్లనూ, మనుషులనూ చూస్తూ ఉండేవాడు. కాళ్ళు వాచి ఉండేవి. అరుగు మీద చాప వేసి, కాసేపు కూర్చో మామా అని రోజూ చెప్పేదాన్ని.

"నేను కూసున్నది సాల్లేమ్మా, నువ్వు కూసో" అనేవాడు.