అరవై ఏళ్ల తోలు

ఇంగ్లండులోని బ్యూడ్లీ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. డెరిక్ థాక్‌వెల్ పెళ్లాన్ని వానలో, పెట్రోలు బంకు దగ్గర వదిలేసి కారేసుకుని ఇంటికి పోయాడట. ఆవిడ శాండ్‌విచ్ కొనడానికి దిగిందట. తిరిగొచ్చేసరికి కోటు తడిసి ముద్దయిందట. ఆ కోటుతో ఎక్కితే అరవై ఏళ్ల నాటి తోలు సీటు పాడైపోతుందని, "పది నిమిషాల్లో బస్సొస్తుందిలే బెరిల్" అని తలుపేసుకున్నాడట. పబ్బులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు బల్ల గుద్ది మరీ నవ్వుతాడు. చోద్యం ఏమిటంటే, ఇది చెవిన పడ్డా డెరిక్ సిగ్గుపడలేదు. తన సీటు ఎంత గొప్పదో ఊరికి తెలిసిందని లోలోపల మురిసిపోయాడు.

ఆ సీటు సంగతి జోసీకి తెలుసు. ఎర్నీ షెడ్డులో పాత కార్లకు తోలు కుట్టే పిల్ల ఆమె. పదహారేళ్లకే బడి మానేసి సూది పట్టుకుంది. నోరు విప్పడం తక్కువ. షెడ్డుకొచ్చే మగవాళ్లు ఆమెను కూడా ఓ కుట్టుమిషను అనుకుని, ఆమె ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు.

డెరిక్ ముప్ఫై ఏళ్లు పక్క ఊరు కిడర్‌మిన్‌స్టర్‌లో స్నానాల తొట్లు, కుళాయిలు అమ్మాడు. అప్పట్లో మాట్లాడదగ్గ మనిషే. దుకాణం అమ్మేశాక పందొమ్మిది వందల అరవై ఒకటి నాటి పాత కారు హాల్‌బర్డ్ కొన్నాడు. పొడుగు ముక్కు, రెండే సీట్లు, ముదురాకుపచ్చ రంగు. దాంతోపాటే గళ్ల టోపీ, ఎన్నడూ వెలిగించని పొగాకు పైపు, ఎవరో జమీందారు మాట్లాడినట్టు ముక్కుతో మాట్లాడే పద్ధతీ వచ్చాయి. కుళాయిల మాటెత్తితే వినబడనట్టు ఉండేవాడు.

పోనీ కారు నడిపేవాడా అంటే అదీ లేదు. అక్టోబరు నుంచి మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారని, అది ఇనుమును తినేస్తుందని దుప్పటి కప్పి గ్యారేజీలో పడుకోబెట్టేవాడు. ఏప్రిల్లో తీసేవాడు. మబ్బు పడితే మళ్లీ కప్పేవాడు. ఒక ఏప్రిల్లో దుప్పటి తీస్తే, రెండు సీట్లలోనూ ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని పెట్టి, తోలంతా పీలికలు చేసి కనబడ్డాయి. ఆ కారును సుఖంగా వాడుకున్నది అవే.

అప్పుడు డెరిక్ షెడ్డుకొచ్చి జోసీ ముందు టోపీ తీశాడు. జూన్‌లో పాత కార్ల క్లబ్బు వాళ్ల పోటీ ఉంది. ఫ్యాక్టరీలో వేసిన తోలు, కుట్టిన దారం అలాగే ఉన్న కారుకే బహుమతి కప్పు. కొత్త తోలని తేలితే కప్పు పోవడమే కాదు, క్లబ్బులో ఇంకెవరూ అతన్ని పలకరించరు.

"కొత్త తోలు వేస్తే కొత్తగానే ఉంటుందండీ" అంది జోసీ.

"పాతగా ఉండాలమ్మాయ్. నీ పనితనం అక్కడే కనబడాలి."

ఎర్నీ పక్క నుంచి నవ్వాడు. "జనం ముడతలు పోగొట్టుకోవడానికి డబ్బు తగలేస్తారు థాక్‌వెల్ గారూ. మీరు తెప్పించుకోవడానికా?"

"నవ్వకు ఎర్నీ. ఇది చరిత్ర."

"చరిత్రను ఎలుకలు తినేశాయి కదండీ!"

జోసీ పీలికలు చేతిలోకి తీసుకుని చూసింది. "సన్నటి ఇనప పీచుతో రుద్దుతాను. టీ డికాక్షను పట్టిస్తాను, ఎండలో పెడతాను. మడతలు మాత్రం నా చేతిలో లేవు. మనిషి కూర్చుంటేనే పడతాయి. రోజూ ఒక్కో సీటులో గంటన్నర, ఏడు వారాలైనా కూర్చోవాలి."

"అది నాకొదిలెయ్" అన్నాడు డెరిక్.

పోటీ ఒక పాత బంగళా పచ్చికలో జరిగింది. నలభై కార్లు, వాటి వెనక మడత కుర్చీల్లో నలభై మంది డెరిక్‌లు. ఒకడు పళ్ల బ్రష్షుతో టైరు గాడులు తోముతున్నాడు. ఇంకొకడు బానెట్ నీడలో పంది మాంసం కూరిన చల్లారిన పోర్క్ పై తింటూ, తునక రాలుతుందేమోనని దాన్ని కారుకు దూరంగా పట్టుకున్నాడు. బెరిల్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది. ఎర్నీ తన షెడ్డు పనితనం చూపడానికి వేసుకున్న బల్ల దగ్గర నుంచి జోసీ చూస్తోంది.

జడ్జి డెరిక్ కారు పక్కన దిండేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి వేసి కుట్టు చూశాడు. పాత మిషను తప్పుల్లాగే కనబడాలని జోసీ అక్కడక్కడ కుట్టు ఎడం చేసి ఉంచింది. అతను తోలు వాసన చూశాడు. మడతల మీద వేలు నడిపాడు.

"ఇవి చూశారా? అరవై ఏళ్లు మనుషులు కూర్చుంటే పడ్డాయి. వీటికి నకలు చెయ్యడం ఎవడి తరమూ కాదు" అన్నాడు పక్కవాళ్లతో.

"మొదటి ఓనరు కర్నలు గారండీ. భారీ మనిషి" అన్నాడు డెరిక్.

కర్నలూ లేడు, గిర్నలూ లేడు. చప్పట్లు మోగాయి. గట్టెక్కామనిపించింది జోసీకి, ఆ వెంటనే వాళ్లందరి మీదా అసహ్యం వేసింది. ఇచ్చిన కప్పు ఉడకబెట్టిన గుడ్డు నిలబెట్టుకునేంత ఉంది.

తిరుగు దారిలోనే వాన, బంకు, బస్సు. తోలు వయసు తప్ప పబ్బు కథలో అబద్ధమేమీ లేదు. బెరిల్ సీటులో రుమాలు పరిచి, కప్పును కూర్చోబెట్టుకుని పోయాడు.

పబ్బుకు తెలియనిది ఒకటి ఉంది. పోటీకి ముందు సీట్లు బిగించడానికి వాళ్లింటికి వెళ్లిన రోజు జోసీ చూసింది. డెరిక్‌కు నడుం నొప్పి. వంటింటి నేల మీద ఆ రెండు సీట్లలో, రోజుకు మూడు గంటల చొప్పున ఏడు వారాలు కూర్చున్నది బెరిల్.