ఎడమ చేతి మీద బెల్లం

ఐదో తరగతి గట్టెక్కని వాణ్ణి. మా గేదె కూడా నా మాట నమ్మి పాకలోకి రాదు. అలాంటిది, పెద్ద చదువులు చదివిన ఒక డాక్టరు నా చేతిని నమ్మారు. ఆ నమ్మకం బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. కాస్త దగ్గరికి రండి, మీకు చెబుతాను.

అరవైల చివర, చోడవరం పక్కన మా బెల్లం పాకలో మరిగే పాకం తుళ్లి నా రెండు ముంజేతులూ కాలాయి. కాలిన తోలు మచ్చ లేకుండా మానుతుందా అని పరిశోధన చేస్తూ ఆ డాక్టరుగారు విశాఖ నుంచి వచ్చేవారు. నా ఎడమ చేతికి ఆయన కొత్త మందు. కుడి చేతికి ఉత్త గుడ్డకట్టు. "నరికిన మొదలు నుంచి చెరకు కార్శిగా మళ్లీ మునుపటిలాగే లేస్తుంది. తోలు మాత్రం అతుకెందుకు వేసుకుంటుంది?" అన్నారొకసారి. ఆ ప్రశ్న నన్ను తొలిచేసింది. ఇప్పటికీ తొలుస్తూనే ఉంది.

మా పాకల్లో ఎవరికి కాలినా చల్లారిన బెల్లం పాకం పూస్తారు, మా నాయనమ్మ వైద్యమూ అదే. ఆయన వద్దన్నారు. మా నాయనమ్మ గెలుస్తుందా, డాక్టరుగారు గెలుస్తారా? చూడాలనిపించింది. ఎడమ చేతి మందు తుడిచేసి, పాకం పూసి, మళ్లీ కట్టు కట్టుకునేవాణ్ణి. ఆయన వచ్చే రోజున కడిగేసేవాణ్ణి. చివర్లో చెప్పి నవ్విద్దామనే అనుకున్నాను. నిజంగానే.

కుడి చేతికి మచ్చ మిగిలింది. ఎడమ చెయ్యి నున్నగా మానింది. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చెప్పాల్సింది చెప్పకుండానే చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాను.

మరుసటి ఏడు పాకం మా వదిన చెంప మీద పడింది. డాక్టరుగారు మందు పంపారు. నాయనమ్మ బెల్లం పట్టుకొచ్చింది. వదిన ఆవిణ్ణి ఆపి, నా వైపు చూసింది.

"నీకు తగ్గింది ఆ డాక్టరు మందుకే గదరా? ఏలాకోలాలొద్దు, నిజం సెప్పు."

"నా సెయ్యి సూడు వొదినా. మచ్చేటైనా కనబడతందా?"

ఒక్క అబద్ధపు మాటా ఆడలేదు. చెయ్యి చూపించానంతే. అదీ నా తెలివి.

ఆమె మందే రాసుకుంది. చెంప మీద మచ్చ, గడ్డకట్టిన పాకం బొట్టులా ఉబ్బి, పెదవి కొసను లాగేసింది. మా ఇంట్లో నా వేళాకోళాలకు ముందుగా నవ్వేది వదినే. నవ్వితే చెంప లాగుతుందని నవ్వడం మానేసింది.

బెల్లం పూసినా అంతే అయ్యేదా? చేతి తోలు వేరు, చెంప తోలు వేరా? ఏమీ రాయకపోయినా నా ఎడమ చెయ్యి అలాగే మానేదా? తెలియదు. డాక్టరుగారు మళ్లీ రాలేదు. నా చేతిని నమ్మి ఆ మందు ఇంకెన్ని చెంపలకు రాశారో, అదీ తెలియదు.

మొన్న వదినకు అంతా చెప్పేశాను. గుండె తేలికపడింది. పడినందుకు సిగ్గేసింది కూడా. ఆమె చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అంది:

"అయితే ఏది మంచిదో ఇంకా తేలలేదన్నమాట. పాకలో పొయ్యి మీద పాకం మరుగుతంది, పద. ఈసారి సెంప నీది. బెల్లం నేను రాస్తాను."