మా అత్త అయిదు గవ్వలు

మా అత్త హులిగెమ్మ గవ్వలేసి చెప్తుంది. ఆలూరు దగ్గర మా ఊర్లో మేక తప్పిపోయినా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా మంగళవారం పొద్దున మా అరుగు మీదికి రావాల్సిందే. ఆ అయిదు గవ్వలూ వాళ్ల అత్త ఇచ్చినవి. అవి కూతురికి పోవు, కోడలికే వస్తాయి. మొదటి పెండ్లాం చనిపోయిన ఇంటికి బళ్లారి వైపు నుంచి రెండో పెండ్లాంగా వచ్చింది మా అత్త. ఊరంతా ఆమెను వేరేదన్నా గవ్వలు మాత్రం ఆమె చేతికే వచ్చాయి. ఈ శ్రావణంలో వాటిని కోడలినైన నాకు అప్పజెప్పాలని అనుకుంది.

ఇంతలో ఒక గవ్వ దొర్లి వీధిలో పడింది. రంగస్వామి ట్రాక్టరు సరిగ్గా దాని మీదే పోయింది. రంగస్వామికి పడిన తిట్లు నేను రాయను. నేను కర్నూలు బజారులో కొత్తది కొనుక్కొస్తే, మా అత్త దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

“దీని వీపు మీద పచ్చగా గీత ఉండాది. మనవాటికి లేదు. ఇది గవ్వేనా?”

“గవ్వే అత్తా. సముద్రంలో నత్త గూడు.”

“నత్తల్లో గూడా తెగలుంటాయేమో. వేరేదాన్ని కలిపి నీ చేతిలో పెడితే అబద్ధం పెట్టినట్లు గాదా శివకుమారీ?”

గవ్వలు వేయడం మానేసింది. అన్నం కూడా సరిగా తినలేదు. నాకు ఒళ్లు మండింది. కల్లూరుకు పిల్చుకుపోయి మా పిన్నమ్మ కూతురు శిల్ప ముందు కూర్చోబెట్టాను. శిల్ప కాలేజీలో జంతుశాస్త్రం చెప్తుంది.

శిల్ప భూతద్దం పెట్టి చూసింది. “అన్నిటికీ కింద నోటి మాదిరి పండ్లున్న చీలిక ఉంది చూడండి అత్తమ్మా. కానీ మీ పాతవాటికి పక్కల్లో బుడిపెలున్నాయి. కొత్తది నున్నగా గుడ్డు మాదిరి ఉంది, వీపు మీద బంగారు వలయం. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక ఉన్నట్లే శాస్త్రంలో వీటికీ రెండు పేర్లు. ఇంటిపేరు ఒకటే, పేర్లు వేరు.”

“అంటే మనదా, కాదా?”

“ఒకే ఇంటిదే. కానీ వేరే జాతి.”

అత్త నా వైపు చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు?

అంతలో శిల్ప పాతవాటిలో ఒకదాన్ని ఎత్తి పట్టుకుంది. “ఇదీ ఆ రెండో జాతిదే. దీనికీ బుడిపెలు లేవు. చేతుల్లో అరిగి వలయం పోయింది, అంచున కొంచెం మిగిలింది.”

అత్త దాన్ని తీసుకుని అంచు మీద గోరుతో గీకి చూసింది. తర్వాత మెల్లగా అంది. “అయితే మా అత్త గూడా ఎప్పుడో ఒకటి మార్చింది. నాకు చెప్పలే. ఇన్నేండ్లూ నేను చెప్పిందంతా నిజమా, అబద్ధమా?”

శిల్ప భూతద్దం పక్కన పెట్టింది.

బస్సు కోడుమూరు దాటినా అత్త గొణుగుడు ఆగలేదు. వాళ్లత్త తెలిసే కలిపిందా, తెలియకనా? మామూలుగా అయితే గవ్వల్ని అడిగేది. ఇప్పుడు అనుమానమే వాటి మీద. ఆమెను చూస్తే నాకు జాలేసింది.

మంగళవారం అయిదు గవ్వలకూ పసుపు పూసి నా దోసిట్లో పోసింది.

“ఆ వేరే జాతివి రెండూ తీసేద్దామా అత్తా?”

“మా అత్త నన్ను ఒక్కనాడన్నా వేరేదనలే. ఇప్పుడు వీటిని నేనెట్ల అనేది?” అని కొంగుతో కండ్లు తుడుచుకుంది. “వెయ్. పెద్ద ఈరన్న మేక పోయిందంట, పాపం, వచ్చి కూర్చున్నాడు.”

వేశాను. పసుపులో ఏది ఏదో నాకు తెలియలేదు. మేక యాడుందో అంతకన్నా తెలియలేదు. తూర్పు వైపు వెతకమని చెప్పాను.