సున్నా పేర్ల జాబితా

తెలంగాణ వచ్చిన రెండో ఏడాది ఎండాకాలంలో నన్ను పాలమూరు జిల్లాలోని ఒక ఏరియా దవాఖానకు సహాయ గణాంకాధికారిగా వేశారు. రోగుల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించడం, పైవాళ్లు అడిగిన జాబితాలు తీసివ్వడం నా పని.

అప్పుడే ఒక పిచ్చికుక్క చాలామందిని కరిచింది. వాళ్లలో సూదులే వేయించుకోని ఒక మేస్త్రీ మూడు వారాలకు రేబిస్‌తో చనిపోయాడు. అతను పోయిన పొద్దున సూపరింటెండెంటు మేడం నన్ను పిలిచి, మన దగ్గరికి వచ్చినవాళ్లలో విడతలుగా వేసే రేబిస్ సూదుల్లో ఏడో రోజుది వేయించుకోనివారు ఎవరో వెంటనే తేల్చమన్నారు. జబ్బు బయటపడ్డాక ఏ మందూ పనిచేయదు.

నమోదైనవారి పట్టిక ఒకటి, వేసిన సూదుల పట్టిక మరొకటి. కంప్యూటరును అడిగే ప్రశ్న లోపల ఇంకో ప్రశ్న పెట్టి రాశాను. లోపలిది ఏడో రోజు సూది పడినవారి నమోదు నంబర్లు తెస్తుంది. బయటిది ఆ నంబర్లలో లేనివారి పేర్లు చూపాలి. ఒక్క పేరూ రాలేదు. అందరికీ సూదులు పడ్డాయని రాసిచ్చాను. ఆ కాగితం కలెక్టరేటుకు వెళ్లిపోయింది.

అరగంటకు సూదుల గది హెడ్‌నర్సు సుజాతమ్మ వచ్చింది.

"అందరికి పడ్డయని రాసిచ్చిన్రంట గద సార్? అచ్చంపేట దిక్కు తండామె, లక్ష్మి, ఏడో దినం సూదికి రానే రాలే. ఆమె చీటీ గిదో, నా దగ్గర్నే ఉన్నది."

ఒక్క లక్ష్మేనా, ఇంకా ఎవరైనా ఉన్నారా?

సూదుల పట్టికను మొదటి నుంచి చదివాను. ఒక వరుసలో ఏడో రోజు సూది వేసినట్టుంది, నమోదు నంబరు గడి మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఎవరి నంబరు ఉండాలో కంప్యూటరుకు తెలియదు. కాబట్టి ఫలానా నంబరు జాబితాలో లేదని అది తేల్చి చెప్పలేదు. తేలనివారి పేరు చూపదు. ఆ ఒక్క గడి అందరినీ దాచేసింది. నంబరు ఖాళీగా ఉన్న వరుసలు వదిలేయాలని లోపలి ప్రశ్నకు షరతు కలిపి మళ్లీ నడిపాను. ఆ ఖాళీ గడి ఎవరిదో సుజాతమ్మను అడిగి ఆ పేరు తీసేస్తే తొమ్మిది పేర్లు మిగిలాయి.

మేడం దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆమె తల ఎత్తలేదు.

"కాయితం సంగతి నేను జూస్త. ముందుగాల మనుషులను తెప్పియ్యి."

సాయంత్రానికి ఎనిమిది మంది వచ్చి సూది వేయించుకున్నారు. లక్ష్మి షాద్‌నగర్‌లో ఏదో కంపెనీ పనికి పోయిందట. ఫోన్ ఆమె భర్త ఎత్తాడు.

"పుండు మానింది గద సార్, మల్ల సూదెందుకు? ఆమెకేం ఫికర్ లేదు. జర కాళ్లు గుంజుతున్నయంటాంది, గంతే."

రేబిస్ ఒక్కోసారి కాళ్లు గుంజడంతోనే మొదలవుతుందని విని ఉన్నాను, పరుగున వెళ్లి మేడంకు చెప్పాను. మేడం వెంటనే అక్కడి దవాఖానకు ఫోన్ చేసి, ఆమెను పరీక్షించి సూది వేసే ఏర్పాటు చేయించారు. కాళ్ల నొప్పి రోజంతా నిలబడే పని వల్లేనని డాక్టరు చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. రెండు నెలల పాటు వార్డు నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి జంకాను. తొమ్మిది మందీ బతికారు. నాకు మెమో వచ్చింది, జవాబు రాసిచ్చాను.

జాబితా ఖాళీగా వస్తే ఎవరూ మిగల్లేదని కావచ్చు, ప్రశ్న తప్పనీ కావచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఖాళీ జాబితా మీద సంతకం పెట్టే ముందు సూదుల గదికి నడిచి వెళ్లి, రానివాళ్లెవరని సుజాతమ్మను అడిగేవాణ్ణి.