చప్పుడు చంపిన తుపాకి

మా బావగారి తుపాకి కొన్నాళ్లు మా ఇంట్లో దేవుని మూలలో నిలబడింది.

బావగారంటే నా పెనిమిటికి అన్న. దొర దగ్గర లెక్కలు రాసేవాడు. దొర తుపాకిని తన సొంతం లెక్క భుజాన వేసుకుని తిరిగేవాడు. నెక్కొండ దగ్గరి మా ఊరి చెరువులో చలికాలం బాతులు దిగేవి. ఆడవాళ్లు చాపలల్లడానికి తుంగ కోసేది కూడా అప్పుడే. తుంగ మనిషెత్తు పెరిగేది, లోపల ఎవరున్నారో గట్టు మీది వాళ్లకు కనబడదు. అందుకని వేటకు వచ్చినవాడు ముందు ఆకాశానికి ఒక తూటా పేల్చాలి. అది విని తుంగలోని వాళ్లు "ఉన్నమో" అని కేక వేసి గట్టెక్కుతారు. అంతదాకా ఆగాలి. మా ఊరి పద్ధతి అది.

ఆ మోతకు బాతులన్నీ లేచిపోతున్నాయని బావగారికి ఏడుపు. వరంగల్లు పోయి ఒక మిస్త్రీతో తుపాకి మూతికి ఇంకో పొడుగాటి గొట్టం అతికించుకొచ్చాడు. ఇక పేలిస్తే తడి బొంతను కర్రతో కొట్టినట్టు మొద్దు చప్పుడు, అంతే. "ఒక బాతు పడ్తె పక్క బాతు తలకాయ గూడ ఎత్తది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వేవాడు. ముందు తూటా మానేశాడు.

"తుంగల ఆడోళ్లుంటరు గదరా?" అంది అత్తమ్మ.

"నాకు కండ్లు లేవా అమ్మా? నీకు అన్నిటికీ ఫికరే."

అంత పొడుగుది ఇంకెక్కడా ఒదగక దేవుని మూలకు ఆనించాడు. దీపం నూనె గిన్నెలోనే గుడ్డ ముంచి దాన్ని తుడిచేవాడు, బాతుల నెత్తురు గోళ్లలో ఉండగానే. ఆయన పోగానే నేను గిన్నెను బూడిదతో తోమి కొత్త నూనె పోసేదాన్ని. మా ఇంట్లో తమ్ముని భార్య బావగారితో మాట్లాడకూడదు. ఆయన కూడా నాకు చెప్పాల్సింది గోడకు చెప్పేవాడు.

ఒక పొద్దున సంచెడు బాతులు తెచ్చి వాకిట్లో కుమ్మరించాడు. కొన్ని ఇంకా కాళ్లు కొట్టుకుంటున్నాయి. "ఎసరు పెట్టమను" అన్నాడు గోడతో.

ఆయన కాళ్లు కడుక్కుంటుండగానే ఇద్దరు ఆడవాళ్లు అత్తమ్మను పట్టుకొచ్చారు. ఆమె కూడా ఆ పొద్దున తుంగ కోయబోయింది. కుడి భుజం నుంచి మోచెయ్యి దాకా సీసపు గుండ్లు దిగి, రవికె చేతికి అతుక్కుపోయింది. బావగారి మొహంలో నెత్తురు లేదు. అయినా ఆయన నోట మొదట వచ్చిన మాట ఇది: "కేకెయ్యొద్దా అమ్మా?"

"ఎందుకెయ్యాలె బిడ్డా? నువ్వు కొట్టినట్టు ఇనబడ్తె గద" అంది ఆమె.

బండి కట్టి వరంగల్లు దవాఖానకు తీసుకుపోయాడు. ఆ బాతులను నేను చేటలోకి ఎత్తి పెంటలో పోసి, వాకిలి కడిగి, తలకు పోసుకున్నాను. మర్నాడు ఆయన ఒక్కడే వచ్చాడు. స్నానం చేసి కంచం ముందు కూర్చుని గోడను అడిగాడు, "బాతుల కూరేది?"

"పెంటల పోసిన" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట. "ఇగ వండ. ముందు ఆ గొట్టం ఇంట్లకెంచి తీయిండ్రి."

ఆయన తొక్కుతో తిని లేచాడు. తుపాకి తీసుకుని దొర గడికి పోయాడు. మళ్లీ తేలేదు.

అత్తమ్మ బతికి ఇల్లు చేరింది. దేవునికి నేనెన్ని దండాలు పెట్టినా తక్కువే. కుడి చెయ్యి మాత్రం పైకి లేవలేదు. దీపం ఎడమ చేత్తో ముట్టించనంటే ముట్టించనంది. పొద్దుమూకితే ఆమె మోచెయ్యి కింద నా చెయ్యి పెట్టి ఎత్తేదాన్ని, వత్తి ఆమే వెలిగించేది. గిన్నెను మాత్రం మార్చేశాను. ఎంత తోమినా నాకు అందులో తుపాకి వాసనే వచ్చేది.