బయటి సభ్యుడి హాజరు

మా బావ తాళంచెవులు చేసేవాడు. బస్టాండు పక్కన, ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడడానికి చోటులేని రేకుల కొట్టు ఆయనది. చదువు ఎనిమిదితో సరి. నోరు మాత్రం ఊరంత. అలాంటి మనిషి ఆవులను క్లోనింగ్ చేసే పరిశోధన కేంద్రంలో పదకొండేళ్ళు నైతిక సంఘం సభ్యుడిగా ఉన్నాడంటే ఎవరూ నమ్మరు. ఆ పని చేసిపెట్టింది నేనే.

నేను అక్కడ గుమాస్తాను. జంతువుల మీద ఏ ప్రయోగం చేయాలన్నా ఏడుగురి సంఘం ఒప్పుకోవాలి. ఆ ఏడుగురిలో ఒకరు సైన్సుతో గానీ కేంద్రంతో గానీ సంబంధం లేని మామూలు మనిషై ఉండాలని నియమం. ఆ మనిషి గుమాస్తా అక్కకు మొగుడు కాకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. డైరెక్టరు ఎవరినైనా చూడమన్నారు, చూశాను.

మొదట్లో బావ మహా సంబరపడ్డాడు. "నకళ్ళు తీసేవాళ్ళకి నకళ్ళు తీసేవాడే కావాలి మరి" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. ఏడాదికి రెండు సమావేశాలు. గంట ముందే వచ్చి షెడ్డులో ఆవుల మధ్య తిరిగేవాడు. నలభై ఒకటో నంబరు ఆవు, తెల్లమచ్చలది, ఆయన చేతులు నాకేది. రోజంతా చెమటలో నానిన చేతులు కదా, ఉప్పగా ఉండేవేమో. మా అక్క అది విని, "పోన్లే, ఈయన్ని మెచ్చే ప్రాణి ఒకటైనా దొరికింది" అంది.

అక్కడి పని ఇది. పాలు దండిగా ఇచ్చే ఆవు చెవి నుంచి చిటికెడు చర్మం తీస్తారు. ఇంకో ఆవు అండంలోంచి కేంద్రకాన్ని లాగేసి, ఆ ఖాళీలో చర్మకణాన్ని ఉంచి, చిన్న కరెంటు దెబ్బతో రెంటినీ కలుపుతారు. అది పిండమైతే నలభై ఒకటి లాంటి ఆవు కడుపులో పెడతారు. పదకొండేళ్ళలో నూట పన్నెండు పిండాలు పెడితే పుట్టినవి పంతొమ్మిది దూడలు. బతికినవి రెండు. మిగతావి ఉండాల్సిన దానికి రెట్టింపు ఒంటితో, సరిగా విచ్చుకోని ఊపిరితిత్తులతో పుట్టి రెండు మూడు రోజుల్లో పోయాయి. అంత దూడ మామూలుగా బయటికి రాదు, తల్లి డొక్క కోసి తీయాలి. ఈ లెక్కలన్నీ టైపు చేసింది నేనే. టైపు చేసి వెళ్ళి భోజనం చేసేదాన్ని, దాచుకోవడం దేనికి.

ఒక ఆవును రెండుసార్లకు మించి కోయకూడదు, తర్వాత దాన్ని పచ్చిక పొలానికి పంపేయాలి అని ఒక షరతు ఉండేది. బావ మొండికేసి పెట్టించిన షరతు అది. నలభై ఒకటికి రెండు కోతలూ అయ్యాయి, రెండు దూడలూ పోయాయి. అప్పుడు పెద్ద డాక్టరు, అంటే ఆ పరిశోధన నడిపే ఆయన, మూడోసారికి అనుమతి అడిగాడు. దానితోపాటు మరో ఏడింటికి. నెలాఖరులోగా అనుమతి రాకపోతే ఎనిమిదీ పొలానికి వెళ్ళిపోతాయి.

ఆ నెల చివరి పనిదినాన సమావేశం. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, బావకు నూట రెండు జ్వరం, రాలేడంది. డైరెక్టరు నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నారు. "కారు పంపిస్తామని చెప్పమ్మా" అన్నారు. నేను బావకు ఫోన్ చేశాను.

"జ్వరమట కదా బావా?"

"జ్వరానికేముంది, అదీ నాతోపాటే కారెక్కుతుంది. ఇవాళ చస్తే మానను. అందరూ తలలూపుతుంటే వద్దని చెప్పడానికి ఒక్కడైనా ఉండాలా వద్దా?"

"ఉండాలి" అన్నాను.

మెడకు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. బావతో కలిపి హాజరైంది ఐదుగురే.

పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. "చర్మకణం చర్మంగా ఉండడానికి అలవాటుపడింది. అండంలోకి వెళ్ళాక ఆ అలవాటంతా మరిచిపోవాలి. కొన్ని సగమే మరిచిపోతాయి, దూడలు పోయేది అందుకే. ఆ గుట్టు తెలిస్తే అంతరించిపోయే జాతుల్ని నిలబెట్టొచ్చు. రక్తం గడ్డకట్టని జబ్బున్న పిల్లలకి మందు ఆవుపాలలోనే తీయొచ్చు" అన్నాడు.

"పిల్లల మందంటే నేనూ కాదనను" అన్నాడు బావ. "ఈ ఎనిమిది ఆవులతో ఆ మందు వస్తుందా సార్?"

"నేరుగా రాదండీ."

"మరి వీటినే మళ్ళీ ఎందుకు?"

"వీటికి ఇదంతా అలవాటైంది. కొత్తవాటితో మొదటి నుంచి మొదలుపెట్టాలి."

"కోయించుకోవడం ఎవరికి అలవాటవుతుంది సార్? నేను తాళంచెవి తప్పు కోస్తే ఆ ముక్క పారేసి ఇంకోటి తీసుకుంటా. ఇనుముకి నొప్పి లేదు. ఇక్కడ తప్పు మనది, డొక్క దానిది. మన తప్పు మనం దిద్దుకోవడానికి దాన్ని ఎన్నిసార్లు కోస్తాం?"

చాలా బాగా చెప్పారని డైరెక్టరు మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నారు. తర్వాత చేతులెత్తమన్నారు. అనుమతికి నాలుగు, వద్దని ఒకటి. బావ అభ్యంతరాన్ని పూర్తిగా నమోదు చేయమన్నారు. ఒక్క ముక్క వదలకుండా రాశాను. "ఓడితే ఓడాం, మాటైతే కాగితం మీద పడింది కదా" అంటూ బావ వణుకుతూనే నవ్వుతూ కారెక్కాడు.

ఆరో నెలలో నలభై ఒకటి కడుపు నీరుపట్టి ఉబ్బిపోయింది. లేచి నిలబడలేకపోయింది. కోసినా దక్కలేదు. దూడ అంతకుముందే పోయింది.

ఆ వారమే మళ్ళీ సమావేశం. పాత సమావేశం మినిట్స్ మీద సంతకాలు పెట్టడం ఎప్పుడూ మొదటి పని. ఎవరూ చదవరు, బావా అంతే. ఈసారి మాత్రం తన మాటలు చూసుకోవాలని ముందే నా బల్ల దగ్గర కూర్చుని, వేలు పెట్టి ఒక్కో లైను చదివాడు. చివర నేను పదకొండేళ్ళుగా టైపు చేస్తున్న వాక్యం దగ్గర ఆగాడు. బయటి సభ్యుడు హాజరైనందున కోరం పూర్తయింది, తీర్మానం చెల్లుతుంది.

"ఇదేంటి?"

"ఐదుగురు వస్తే సమావేశం జరపొచ్చు బావా. కానీ అందులో బయటి సభ్యుడు ఉండి తీరాలి. లేకపోతే జరిగినట్టు కాదు."

"అంటే నేను జ్వరమని పడుకుని ఉంటే?"

"వాయిదా పడేది. నెలాఖరు దాటేది. ఆవులు పొలానికి వెళ్ళిపోయేవి."

"నేను వద్దని చెప్పడానికి వచ్చానే."

బావ నన్ను ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని రాజీనామా రాయడం మొదలుపెట్టాడు. "నువ్వు మానేస్తే వారంలో ఇంకొకరిని తెస్తారు. ఆ వచ్చేవాడు వద్దని కూడా అనడు" అన్నాను. పెన్ను ఆగిపోయింది. సగం రాసిన కాగితాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు. డైరెక్టరు పక్కనే ఉన్నారు బావా."

"ఆయన వెళ్ళిపోయాక?" గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "కారు మా ఇంటికి రావడానికి గంట పట్టింది. ఆ గంటసేపు నీ దగ్గర ఫోను లేదా?"

ఉంది. ఆ గంటలో నేను కుర్చీలు వేయించాను, నీళ్ళ గ్లాసులు పెట్టించాను, ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. ఫోను ఆ గంటసేపూ నా చేతిలోనే ఉంది.