తిరగలి అవతలి చెయ్యి

మా ఇంట్లో వెనక గది ఒకటుంది. దానికి కిటికీ లేదు. సోళ్లు, అంటే రాగులు, ఉలవలు, నువ్వులు గోనె సంచుల్లో పెట్టి అందులో ఉంచుతాం. ఎండాకాలం మధ్యాహ్నం ఊరంతా తలుపులు చేరేసి పడుకున్న వేళ ఆ గదిలో ఒక్కదాన్నీ నిలబడటం నాకు పాతికేళ్ల పైబడి పడదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చివరికి చెప్పవలసి వచ్చింది, మా కోడలు కంప్యూటర్‌లో చేసే పాటల వల్ల.

పెద్ద తుఫాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడు మా అబ్బాయికి పెళ్లి చేశాం. వాడికి చీపురుపల్లిలో ఎరువుల కొట్టులో పని. పిల్లది బొబ్బిలి. వాళ్ల నాన్న వీణలు చెక్కుతాడు. డిగ్రీ చదివిన పిల్ల. సారెతోపాటు ఒక లాప్‌టాప్, చెవులు రెండూ మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చుకుంది.

మొదట్లో ఆమె చేసే పని నాకు బోధపడలేదు. పాడదు, వాయించదు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. నూతి గిలక కిర్రుమంటే అక్కడ ఫోను పెడుతుంది. నేను బియ్యం చెరుగుతుంటే చేట పక్కన పెడుతుంది. ఆ చప్పుళ్లన్నీ లాప్‌టాప్‌లో పోసుకుని, ముక్కలు కోసి, సాగదీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి పాట కడుతుంది. మాటలుండవు. మా నూతి గిలక అందులో ఏదో పెద్ద జంతువు దూరంగా ఏడ్చినట్టు వినిపించేది. చేటలో బియ్యం కళింగపట్నం సముద్రంలా వినిపించేది.

"ఇలాటివి ఎన్ని సేసినావే?" అని అడిగాను ఒకసారి.

"ఇరవై మొదలెట్టినాను అత్తా. ఒక్కటీ పూర్తి అవ్వనేదు."

జూన్‌లో ఆమె మా ఊళ్లో ప్రైవేటు బడిలో టీచరుగా చేరాలి. ఆ సంగతి తలచుకుని అంది: "బడి తెరిసేలోగా ఒక్క పాటైనా మొదట్నించి సివరిదాకా పూర్తి సెయ్యాల. నేకపోతే ఈ లాప్‌టాప్ మా తమ్ముడికి ఇచ్చీస్తాను. ఇంక ముట్టుకోను."

అన్న తీరు చూస్తే మాట మీద నిలబడే మనిషని తెలుస్తూనే ఉంది.

వినిపించడానికి ఆమెకి ఎవరున్నారు? ఫోనులో స్నేహితులకి పంపిస్తే బొటనవేలు బొమ్మ వచ్చేది. మా అబ్బాయిని వినమంటే, "నానేటి సెప్పగల్ను? నాకు యూరియా బస్తా కింద పడ్డ సప్పుడొక్కటే తెలుసు" అని తప్పించుకునేవాడు. మిగిలింది నేను.

"ఆళ్లు ఇన్నారో నేదో కూడా తెల్దు. నువ్వు ఇను అత్తా. ఇని, ఉన్నమాట సెప్పు" అంటూ హెడ్‌ఫోన్లు నా నెత్తిన పెట్టేది.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. కానీ ఒకసారి విన్న చప్పుడు మరిచిపోను. ఏ బండి ఎవరిదో, ఏ తలుపు ఎవరింటిదో వీధిలోకి చూడకుండా చెబుతాను. అందుకని వినడం నాకు కష్టం కాలేదు. చెప్పడంలోనే పొరపాటు చేశాను.

ఇంకా ఎదుగుతున్నదాన్ని నోరారా మెచ్చుకోకూడదని మా ఇళ్లలో పట్టింపు. చంటిబిడ్డ ముద్దుగా ఉంటే "ముక్కొకటీ సప్పిడిగున్నాది" అంటాం, బుగ్గన నల్లచుక్క పెట్టినట్టే అది కూడా. కాపు నిండుగా ఉన్న పాదుకి పాత చెప్పు కడతాం. కోడలి పాటకి కూడా అంతే చేశాను. మొదటిది వింటే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పైకి మాత్రం, "బాగానే ఉన్నాది గానీ, మద్దిలో ఆ గిలక ఏడుపు ఎక్కువైపోనాదే" అన్నాను.

ఆమె పుస్తకంలో రాసుకుంది. రెండో నాడు వినిపిస్తే ఆ ఏడుపు లేదు. ఉప్పు మరిచిపోయిన పులుసులా ఉంది. పోనీలే, ఇంకోటి చేస్తుంది కదా అనుకున్నాను. ఇంకోటి చేసింది. దానికీ ఒక 'గానీ' పెట్టాను. ఎక్కడ నా గుండె పట్టుకుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి తప్పు చెప్పేదాన్ని. ఎందుకంటే దిష్టి తగిలేది అక్కడే కదా. నేనన్నదాన్ని అన్నట్టే ఆమె కోసేస్తోందని నాకు తట్టలేదు.

తెల్లవారి కాఫీ కూడా తాగకుండా లాప్‌టాప్ ముందు కూర్చునే పిల్ల, మే నెల వచ్చేసరికి దాన్ని తెరిచి, ఊరికే చూసి, మూసేయడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి ఆమె వెనక గదిలోంచి ఫోనుతో బయటికి వస్తోంది.

"ఆ గదిలో ఏటున్నాదని ఎల్లినావే?"

"ఏటీ నేదనే ఎల్లినాను. ఖాళీ గదికి కూడా ఒక సప్పుడుంటాది అత్తా. ఫోను అక్కడెట్టి, తలుపేసి వచ్చీసి, తరవాత దాన్ని బాగా పెంచితే వస్తాది."

గంటసేపు పెట్టి ఉంచిందట. రెండు రోజుల తర్వాత మొహం వెలిగిపోతూ వచ్చి, హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

ముందు హోరు. కుండలో తలపెట్టి వింటే వచ్చే హోరు. అది సన్నగా పెరిగింది. తర్వాత దాని అడుగున, ఎక్కడో నేలకింద అన్నట్టుగా, గర్ర్... గర్ర్... గర్ర్... ఆగింది. టిక్. మళ్లీ మూడు. మళ్లీ ఆగింది. టిక్.

ఆ చప్పుడు నాకు తెలుసు.

మా తోడికోడలు ఒకామె ఉండేది, నాకంటే పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. ఆ గదిలోనే మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి మీద చెరో చెయ్యి వేసి తిరగలి తిప్పేవాళ్లం. నా వైపు నేను లాగి వదిలితే తన వైపు తను లాగేది. మూడు చుట్లకొకసారి ఎడమచేత్తో గుప్పెడు సోళ్లు తీసి గుంటలో పోసేది. అప్పుడు రాయి మందగించేది. పోసి వెనక్కి తీసేటప్పుడు ఆమె గాజు రాతి అంచుకి తగిలేది. మూడు చుట్లు, ఒక ఆగుడు, ఒక టిక్. ఆ లెక్క తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే.

ఒక మే నెల మధ్యాహ్నం మా అబ్బాయి ఉయ్యాల్లో ఏడ్చాడు. అప్పటికి వాడికి ఏడో నెల. "ఇప్పుడే వచ్చీస్తానక్కా, తిప్పుతుండు" అని లేచాను.

"బేగి రాయే. ఒక్కదాన్నీ తిప్పనేను" అంది. ఆ పొద్దు ఆమె మొహం ఎర్రగా ఉంది. చూశాను. చూసి కూడా వెళ్లాను.

పిల్లాడికి పాలిస్తూ పక్కన ఒరిగాను. కళ్లు మూతలు పడ్డాయి. మగతలో తిరగలి వినిపిస్తూనే ఉంది. మూడు, ఆగుడు, టిక్. కాసేపటికి ఆగిపోయింది. హమ్మయ్య, అయిపోయింది కాబోలు, ఇక లేవక్కర్లేదు అనుకున్నాను. లేచి వెళ్లేసరికి ఆమె తిరగలి మీదికి వాలిపోయి ఉంది. దీపాలవేళకి పోయింది. వడదెబ్బ అన్నారు. నేను వస్తానని చెప్పి రాలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"అత్తా! ఏటయినాది? మొగం అలగైపోనాదేటి?" కోడలు హెడ్‌ఫోన్లు తీసేసింది.

"అడుగున... ఆ కుంటు సప్పుడేటే?"

"తెల్దు. గది హోరు పెంచితే దొరికినాది. ఎలకలో, ఎవలింటి మిషనో. దాని మీదే పాటంతా కట్టినాను. ఇన్నాళ్లకి నాకు నచ్చినాది ఇదొక్కటే. ఎలగున్నాది?"

"బాగోనేదు. అది తీసీ."

ఈసారి 'గానీ' కూడా అనలేదు. ఆమె హెడ్‌ఫోన్ల తీగ చుట్టేసుకుని, "సరే" అంది.

మర్నాడు లాప్‌టాప్ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. బడి తెరవడానికి పన్నెండు రోజులుంది. కూర్చుని బడి పుస్తకాలకి అట్టలు వేసుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏ చప్పుడు దగ్గరా ఫోను పెట్టేవాళ్లు లేరు. నాకు నిమ్మళంగా ఉండాలి కదా. లేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నడుం వాల్చానంటే చాలు, హెడ్‌ఫోన్లు లేకుండానే వినిపించేది. లేచి కూర్చుంటే ఉండదు. తల దిండుకి ఆనిస్తే మళ్లీ మూడు, ఆగుడు, టిక్. వెనక గది తలుపుకి గొళ్లెం పెట్టాను. మా అబ్బాయి చూసి, "ఎలకలకి గొళ్లెమెడతావేటమ్మా, మందెట్టు" అని నవ్వాడు.

వారం గడిచాక ఒక పొద్దున్న ఇద్దరం చింతపండు గింజలు తీస్తున్నాం. కోడలు తలెత్తకుండా అంది:

"మా నాన్న పనస దుంగని వేళ్లతో కొట్టి సూస్తాడత్తా. బాగున్నాదా నాన్నా అంటే పలకడు. ఇదిగో ఇక్కడ పలుకుతంది, ఇక్కడ మూగబోతంది, అంతే అంటాడు. ఆ ఒక్క మాటకే ఉలి ఎక్కడెట్టాలో తెలుస్తాది. నువ్వు సెప్పినవి కూడా అలాటివే అనుకున్నాను. నువ్వు మూగన్న సోటల్లా కోసీసినాను. ఇప్పుడు దుంగే మిగల్నేదు."

గింజ నా వేళ్లలోనే ఉండిపోయింది.

"ఒలే, అవి మూగసోట్లు కావే. పలికిన సోట్లే."

"అదేటి? మరి అలగ సెప్పినావెందుకు?"

"దిష్టి తగల్దని."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తెరిచి, "నా పాటలకి దిష్టిసుక్క పెట్టినావా అత్తా!" అని పడి పడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇరవైకీనా?"

"ఇనిపించినవన్నిటికీని. ఒక్కదానికి తప్ప. ఆ గది పాటకి మాత్రం బయపడి సెప్పినాను."

అప్పుడు చెప్పాను. ఉయ్యాల, మగత, లేవక్కర్లేదనుకున్న ఆ హమ్మయ్య, అన్నీ. పాతికేళ్లు దాచినది చింతపండు పళ్లెం ముందు పావుగంటలో అయిపోయింది. ఆమె నన్ను ఓదార్చలేదు. "మూడు సుట్లకా? ఎంతసేపు ఆగేది?" అని అడిగింది. నేలమీద అరచేత్తో కొట్టి చూపించాను.

"అదే. ఆ ఆగుడే. కానీ నాను ఆ పాట మొత్తం సెరిపీసినానత్తా. గది రికార్డు కూడా నేదు."

ఇద్దరం వెనక గది తలుపు వైపు చూశాం.

ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నమే వెళ్లాం, ఎందుకంటే ఆ వేళే వీధిలో బళ్లు తిరగవు. సంచులు జరిపితే వాటి వెనక తిరగలి అలాగే ఉంది, రెండు రాళ్లూ, పిడీ. దుమ్ము తుడిచాం. "గాజులు తీసీ అత్తా, ఆటి సప్పుడు కూడా ఫోనులో పడిపోతాది" అంది కోడలు. తీసి ఆమె చేతికిచ్చాను. వట్టి రాయి తిప్పకూడదని గుప్పెడు సోళ్లు పోశాను. ఆమె ఫోను నేలమీద పెట్టి, "నాను ఎదుట కూకోనా?" అంది.

"వద్దు. నువ్వు గుమ్మం కాడుండు."

నా చేతికి నా సగమే తెలుసు. నా వైపు లాగడం, అవతలికి వదలడం. ఇద్దరు తిప్పే రాయి అది. నాకు భుజం నొప్పి. వదిలిన చోట ఆగిపోతుంది, ఒక్కొక్క సగమే తిప్పుదాం, తర్వాత కోడలు లాప్‌టాప్‌లో అతికించుకుంటుంది అనుకుని లాగాను. వదిలాను.

రాయి ఆగలేదు. చుట్టు తిరిగి నా చేతికి వచ్చింది. మళ్లీ లాగాను. మళ్లీ వచ్చింది. చల్లకవ్వం తిప్పినంత తేలిగ్గా ఉంది. మూడో చుట్టుకి, నేనేమీ చెయ్యకుండానే, మందగించింది. ఎదురుగా సంచులు, గోడ. అంతే ఉంది. లేచి పారిపోవాలనిపించింది. లేవలేదు. గుప్పెడు సోళ్లు ఎప్పుడయ్యాయో తెలియదు, కోడలు వచ్చి భుజం పట్టుకునే దాకా తిప్పుతూనే ఉన్నాను.

అటక మీంచి లాప్‌టాప్ దిగింది. మూడు రోజులు ఆమె అన్నానికి పిలిస్తే తప్ప లేవలేదు. బడి తెరవబోయే ముందునాడు నన్ను పిలిచింది.

"అయిపోనాది. సివరిదాకా. ఒక్క సంగతత్తా. నీ గాజులు నా సేతికే ఇచ్చినావు కదా?"

"ఇచ్చినాను."

"మరయితే ఆ టిక్..." అంటూ హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చింది.

పెట్టుకున్నాను. హోరు వచ్చింది. దాని మీద ఆమె నూతి గిలకని మళ్లీ తెచ్చి పెట్టింది, ఏడుపుతో సహా. అడుగున తిరగలి మొదలైంది. మూడు. ఆగింది. టిక్.

కోడలు నా మొహమే చూస్తోంది, ఏ చోట పలుకుతుందో, ఏ చోట మూగబోతుందో చెబుతానని. పక్క గదిలో ఫోను మోగింది. పొయ్యి మీద పాలున్నాయి. మధ్యలో ఒకచోట ఆ చప్పుడు మరీ దగ్గరికి వచ్చింది, నా మోకాళ్లకి ఎదురుగా ఎవరో కూర్చున్నంత దగ్గరికి. కళ్లు మూసుకోలేదు. పాలు పొంగిన వాసన వచ్చింది. పాట ఇంకా ఉంది. నేను లేవలేదు.